అప్‌డేట్: బాల్జాక్ నవలలు ఎక్కడ మొదలుపెట్టాలని అడిగాను

19వ శతాబ్దపు ఫ్రెంచ్ రచయిత బాల్జాక్ రాసిన, దాదాపు 90 నవలలూ కథలూ ఉన్న ‘హ్యూమన్ కామెడీ’ అనే రచనల మాలను దేనితో మొదలుపెట్టాలని అడిగినప్పుడు, 1835 నాటి ‘ఫాదర్ గోరియో’ను ఎక్కువమంది సూచించారు, వారికి మనఃపూర్వక కృతజ్ఞతలు. సేమియా వ్యాపారంలో గడించినదంతా ఇద్దరు కూతుళ్లకు ధారపోసి, మదాం వోకేర్ పూటకూళ్ల ఇంటిలో ఏటికేడు మరింత చవక గదికి, అంటే మరింత పై అంతస్తుకు, మారుతూ పోయిన ఆ తండ్రి చాలా రోజులు నన్ను వదలలేదు. ఆరంభంలోని ఇంటి వర్ణనను దాటవేయవద్దన్న సలహా ఎంతో విలువైనది. గోరియో పతనమంతా ఆ మురికి గదుల్లోనే ముందుగా కనిపిస్తుంది.

ఇప్పుడు ‘లాస్ట్ ఇల్యూజన్స్’ చదువుతున్నాను. 1820లలో స్వయంగా ముద్రణాలయం నడిపి అప్పులపాలైన రచయిత కాబట్టే, ఆంగులేమ్ పట్టణంలో ముద్రణాలయం నడిపే దావీద్ అనే పాత్ర అచ్చు యంత్రాల గురించి అంత నిక్కచ్చిగా రాయగలిగాడని నా నమ్మకం. పారిస్ భాగంలో, ‘ఫాదర్ గోరియో’లోని యువకుడు రాస్తిన్యాక్ మళ్లీ ఎదురైనప్పుడు పాత పరిచయస్థుణ్ణి చూసినంత సంతోషం కలిగింది.