సమస్య: చింత యెక్కినంత చింత తీరె

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది, నాలుగో పాదం పైన ఇచ్చాను, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. ఒక్కటే షరతు, పద్యంలో హైదరాబాదు కనిపించాలి. చెట్టో, జంతువో, పాత సంగతో మీ ఇష్టం, కానీ పురాణాల్లోకి పారిపోవద్దు. హనుమంతుణ్ణి అశోకవనంలో చెట్టెక్కించి పూరించేస్తారని ముందే చెబుతున్నా.

మూసీ ఒడ్డు:

మూసి పొంగి యూరు ముంచివేసిన వేళ
తోట నడుమ నొక్క దొడ్డ తరువు
కొమ్మ చాచి పిలిచె గోడు విన్నట్లుగా
చింత యెక్కినంత చింత తీరె.

1908 సెప్టెంబరు 28 నాటి వరద. అఫ్జల్ పార్కులో, అంటే ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి నూటయాభై మంది దాకా బతికారు. చెట్టు ఇంకా ఉంది. ఆ తేదీన దాని కింద చేరి పోయినవాళ్ళను తలుచుకునేవాళ్ళూ ఉన్నారు.

కోఠి కోయిల: గణాలు (గురులఘువుల లెక్క), యతులు (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదిరే అక్షరం) అన్నీ కుదిరాయి. నా పేచీ వేరే. ఆ వరదలో పదిహేను వేల మంది దాకా పోయారంటారు. కొమ్మ మీద కూర్చున్నవాడికి ప్రాణం దక్కిందేమో గానీ, కింద ఇల్లూ వాకిలీ, పెళ్ళాం పిల్లలూ కొట్టుకుపోతుంటే చింత ఎక్కడ తీరిందండీ? ఊరి చింత తీరడానికి విశ్వేశ్వరయ్యగారు రావాలి, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టాలి.

మూసీ ఒడ్డు: ఊరందరి చింత అని నేనెక్కడన్నాను? సరే, ఎవరి చింతో చెప్పేస్తే గొడవే లేదు. రెండు, మూడు పాదాలు ఇలా:

తోటలోన దొరికె దొడ్డ తరువు
కొట్టుకొనుచు వచ్చు కూనకుఁ దల్లికి

కోఠి కోయిల: ఇదీ పద్యం! ఇద్దరూ ఎక్కారు కాబట్టి ఇప్పుడు నమ్ముతాను.

గోడమీద పిల్లి:

కుక్కలైదు తరుమ గోడ దూకిన పిల్లి
పూలకుండి దాటి పొదలు దాటి
తోక నుబ్బఁజేసి తోటమాలిని మించి
చింత యెక్కినంత చింత తీరె.

నిర్వాహకుడు: "తోక నుబ్బఁజేసి" చూసి రాసిన మాట, శభాష్. భయపడ్డ పిల్లి తోక సీసాలు కడిగే బ్రష్షులా అవుతుంది కదా. కానీ హైదరాబాదేదీ? ఈ పిల్లి విజయవాడలోనూ ఇలాగే దూకుతుంది.

గోడమీద పిల్లి: పబ్లిక్ గార్డెన్స్ సార్! దాని పాత పేరు బాగే ఆం అని పెడదామంటే ఏ గణంలోనూ ఇమడలేదు. 1963లో జూపార్కు తెరిచేదాకా జంతువులుండేది అక్కడే, మా పిల్లిని ఆ వంశంలో లెక్కేసుకోండి.

చిలకలగూడ:

సెలవునాడు పిల్ల చిలుకలతో పోటి
పండ్ల కొరకు పాకె పార్కులోన
కడుపులోని కరవు గట్టెక్కఁగా సీమ
చింత యెక్కినంత చింత తీరె.

కొత్తగా చేరినవాణ్ణి: సె–చి యతి చెల్లుతుందా?

నిర్వాహకుడు: చెల్లుతుంది. చ, జ, శ, ష, స లకు మైత్రి ఉంది, ఎకార ఇకారాలకూ ఉంది. మూడో పాదం చివర "సీమ" పెట్టి సమస్యను విరిచిన తీరు అవధానుల పద్ధతి, నాకు బాగా నచ్చింది.

కోఠి కోయిల: విరుపు భేష్, చెట్టే తప్పు. సీమచింతకు ఆకు మొదట్లో జంటగా ముళ్ళుంటాయి. అది ఎక్కితే చింత తీరదు, చొక్కా చిరుగుతుంది. ఎవరైనా దోటితో కొక్కెం తగిలించి వంకర కాయలు లాగుతారు, లేదా చిలకలు కొరికి పడేసినవి ఏరుకుంటారు.

చిలకలగూడ: మేం ఎక్కేవాళ్ళం మేడమ్. చొక్కాలు చిరిగేవి, అది వేరే సంగతి!

కొత్తగా చేరినవాణ్ణి: మొదటి పద్యం, తిట్టకండి.

జాముబాగులోన జామచెట్టే లేదు
బషీరుబాగులోన పూలు లేవు
నీడ వెదికి వెదికి నిలిచిన ముసలికి
చింత యెక్కినంత చింత తీరె.

నిర్వాహకుడు: మొదటి పాదం ఈ వారానికే హైలైట్, జాంబాగ్‌ను సాగదీసినా చెవికి బాగుంది. రెండో పాదంలో "బషీరు" జగణం (లఘువు, గురువు, లఘువు), అక్కడ ఉండాల్సిన సూర్యగణంగా పనికిరాదు. బ–పూ యతి కూడా లేదు. "బాగులింగపల్లి బాటలయ్యె" అనండి, గణమూ యతీ కుదురుతాయి, తోటల పేర్లు మిగిలి తోటలు పోయిన మీ బాధా చెడదు.

గోడమీద పిల్లి: అదంతా సరే, ఎండలో నీడ వెతుక్కునే ముసలావిణ్ణి చెట్టెందుకు ఎక్కించారు బాబూ? కింద కూర్చోబెడితే సరిపోయేది కదా!

కొత్తగా చేరినవాణ్ణి: నాలుగో పాదం మీరే ఇచ్చారు, నేనేం చేసేది? కాకిని పెట్టనా?

కోఠి కోయిల: కాకి వాలుతుంది, ఎక్కదు. "నిలిచిన యుడుతకు" అనండి. "యుడుతకు" నలగణం (నాలుగూ లఘువులే), చక్కగా సరిపోతుంది.

కొత్తగా చేరినవాణ్ణి: ఉడుతే ఖాయం. ఇంతకీ నీడ కోసం ఉడుత అంతసేపు నిలబడుతుందా అని మళ్ళీ ఎవరూ అడగరు కదా?

గోడమీద పిల్లి: నేను అడుగుదామనే టైపు చేస్తున్నా.