చిన్న లేత్‌కి కార్బైడా, హెచ్‌ఎస్‌ఎస్సా?

మినీలేత్_బెజవాడ:
ఇంట్లో 7×14 అంగుళాల లేత్ (రాడ్‌ని తిప్పుతూ కోసే మిషన్) ఉంది. మైల్డ్ స్టీల్ రాడ్‌ని బ్రేజ్డ్ కార్బైడ్ టూల్‌తో (స్టీలు కాడకి గట్టి కార్బైడ్ ముక్క అతికించింది) కోస్తుంటే పైన గరుకుగా, చిరిగినట్టు వస్తోంది. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్ కొని నేనే సాన పట్టుకోవడం మేలా?

పాత_టర్నర్:
మేలే తమ్ముడూ. 25 మి.మీ. రాడ్‌కి హెచ్‌ఎస్‌ఎస్‌తో 380 ఆర్‌పీఎం చాలు, అంటే నిమిషానికి 30 మీటర్ల కోత వేగం. కార్బైడ్‌కి కనీసం మూడింతలు కావాలి, కోత లోతు కూడా ఎక్కువివ్వాలి. అంత లోతుకి చిన్న మిషన్ వణికిపోతుంది.

సాన పట్టేటప్పుడు ముందు తలానికి, పక్క తలానికి 8–10 డిగ్రీల క్లియరెన్స్ (రాడ్‌కి రుద్దుకోకుండా వాలు) ఇవ్వు. పైతలాన్ని పక్కకి 12–14 డిగ్రీలు వాల్చు. గ్రైండర్ దగ్గర పని అయిపోయిందనుకోకు. ఆ గీతలు పోయేదాకా అంచుని ఆయిల్ స్టోన్ మీద రుద్ది, ముక్కుని కాస్త గుండ్రం చెయ్యి. ఫినిషింగ్ అంతా అక్కడే వస్తుంది.

మినీలేత్_బెజవాడ:
సాన పట్టేటప్పుడు నీలం రంగుకి తిరిగితే పాడైనట్టేనా అన్నా?

సాన_చక్రం:
కార్బన్ స్టీల్ అయితే పాడైనట్టే. హెచ్‌ఎస్‌ఎస్ దాదాపు 600 డిగ్రీల దాకా గట్టిదనం వదలదు, భయం లేదు. కానీ బాగా కాలిన బిట్‌ని ఒక్కసారిగా నీళ్లలో ముంచితే అంచున సన్నటి పగుళ్లొస్తాయి. వేడెక్కకముందే ముంచుతూ ఉండండి. కళ్లద్దాలు తప్పనిసరి, గ్లౌజులు మాత్రం వద్దు, చక్రం లాగేస్తుంది. మామూలు గ్రైండర్‌కి ఉండే బూడిదరంగు వీల్ మీద కార్బైడ్ అరగదు, దానికి ఆకుపచ్చ వీల్‌గానీ డైమండ్‌గానీ ఉండాలి.

ఆవిరి_ఇంజన్:
ఇత్తడికి వేరే బిట్ పెట్టుకోండి. పైతలం చదునుగా ఉండాలి, వాలు ఉంటే టూల్ లోపలికి దిగబడిపోతుంది. అల్యూమినియానికి వాలు బాగా ఇచ్చి, కిరోసిన్ చుక్కలు వేస్తే అంచుకి లోహం అంటుకోదు.

కార్బైడ్‌ని అసలు వద్దనడానికి మాత్రం నేను ఒప్పుకోను. అల్యూమినియం కోసం చేసిన సీసీజీటీ రకం ఇన్సర్ట్‌ల (టూల్‌కి బిగించి మార్చుకునే కార్బైడ్ ముక్కల) అంచు చాలా పదును. చిన్న లేత్ మీద స్టీల్‌ని కూడా పల్చగా, శుభ్రంగా కోస్తాయి.

పాత_టర్నర్:
అది నిజమే. ఏది వాడినా ముందు సెంటర్ ఎత్తు, అంటే టూల్ మొన రాడ్ నడిమధ్యకి సమంగా ఉందా లేదా చూసుకోవాలి. గుండ్రటి రాడ్‌కీ టూల్ మొనకీ మధ్య స్టీలు స్కేలు మెల్లగా నొక్కి పట్టు. నిలువుగా ఉంటే సరే. పైభాగం నీ వైపు వాలితే టూల్ కిందకి ఉన్నట్టు.

మినీలేత్_బెజవాడ:
నా వైపే వాలుతోంది! కింద షిమ్ (పల్చటి రేకు) పెడతాను. బిట్ 8 మి.మీ.దా, 10 మి.మీ.దా?

పాత_టర్నర్:
8 చాలు. అరగదీయాల్సింది తక్కువ, చెయ్యి త్వరగా కుదురుతుంది.