ఒక్క ఉతుకుకే పొట్టిదైపోయిన గౌను

ప్రశ్న (లబ్బీపేట, విజయవాడ):
మా పాపకు నాలుగేళ్లు. పుట్టినరోజుకు కొన్న నూలు గౌను మోకాళ్లు దాటి ఉండేది. కొత్త వాషింగ్ మెషీన్‌లో 60 డిగ్రీల వేడినీళ్లు పెట్టి, ఆరబెట్టే మీట కూడా నొక్కాను. ఇప్పుడది మోకాళ్లపైకి ఎక్కింది. మా అత్తగారు "పిల్ల ఎదిగిందిలే" అంటున్నారు. ఒక్క రాత్రిలో రెండంగుళాలా? మిగతా బట్టలనైనా ఎలా దక్కించుకోవాలి?

జవాబు (గుంటూరు):
అమ్మా, నేను 30 ఏళ్లుగా బట్టలు కుడుతున్నాను. నూలును వడికేటప్పుడు, నేసేటప్పుడు లాగి పట్టి ఉంచుతారు. తడి, వేడి తగిలితే ఆ బిగువు వదిలి గుడ్డ ముడుచుకుంటుంది. బనీను గుడ్డ ఇంకా ఎక్కువ. అందుకే పావడా గుడ్డను రాత్రంతా నానబెట్టి, ఆరేసి తెమ్మంటాను. వినరు, తరవాత నా కత్తెరను తిడతారు! చన్నీళ్లలో ఉతకండి. బెజవాడ ఎండ ఉండగా ఆరబెట్టే యంత్రమెందుకో నాకు అర్థం కాదు. కుట్టించేటప్పుడు అంచులో రెండంగుళాలు మడత పెట్టించండి.

జవాబు (పటమట):
గోరువెచ్చని నీళ్లలో కాస్త జుట్టు కండిషనర్ కలిపి అరగంట నానబెట్టండి. తువ్వాలులో చుట్టి తడి అద్ది, మెల్లగా లాగుతూ పరిచి ఆరేయండి. మా బాబు బనీను కొంత సాగింది, పూర్తిగా కాదు. ముద్దకట్టిన ఉన్ని స్వెట్టరు మీద మాత్రం ఆశ వదులుకోండి.

ప్రశ్న అడిగినావిడ:
ఒక అంగుళం సాగింది. మిగతాదానికి కింద లేసు కుట్టించాను. అత్తగారికి కొత్త ఫ్యాషన్ అని చెప్పాను.