సిగ్నల్ దగ్గర బండి వణుకుతోంది: ఇంజెక్టర్లు మార్చాలా, పెట్రోల్‌దే తప్పా?

మారతహళ్లి వాసి:
2006 మోడల్, నాలుగు సిలిండర్ల చిన్న పెట్రోల్ కారు. అనంతపురంలో నాన్న నడిపేవారు, ఇప్పుడు నా దగ్గరుంది. బెంగళూరు సిల్క్ బోర్డ్ సిగ్నల్‌లో న్యూట్రల్‌లో పెడితే ఆర్‌పీఎం ముల్లు 600కీ 1000కీ మధ్య ఊగుతుంది, స్టీరింగ్ వణుకుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే మామూలే. మెకానిక్ ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, కాయిల్ మార్చాడు. థ్రాటిల్ బాడీ క్లీన్ చేశాడు. 9,000 అయింది, వణుకు పోలేదు. ఇప్పుడు ఇంజెక్టర్లు (సిలిండర్లలోకి పెట్రోల్ చిమ్మేవి) మార్చాలంటున్నాడు. ఆఫీసులో అందరూ ఈ20 (ఇరవై శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ వల్లే అంటున్నారు.

షెడ్డు మనిషి:
ఈ20యే, అనుమానం అక్కర్లేదు. 2006 నాటి రబ్బరు ఇరవై శాతం ఇథనాల్‌ని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. నా సొంత బండి పెట్రోల్ పైపు ఉబ్బి పగిలింది, కళ్లారా చూశాను.

గాలిమీటరు:
మీ పైపు పగిలితే వీరి ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) ఎందుకు ఊగుతుంది? ఇథనాల్ వల్ల గాలి, పెట్రోల్ మిక్స్చర్ కాస్త పలచబడే మాట నిజమే. కానీ ఇంజిన్ వేడెక్కాక ఆక్సిజన్ సెన్సర్‌ని చూసి కంప్యూటర్ ఆ తేడా సర్దుకుంటుంది. ఐడిల్‌లో ఊగి, తొక్కగానే కుదురుకుంటోందంటే ముందు ఎయిర్ లీక్ చూడాలి. ఐడిల్‌లో థ్రాటిల్ (గాలి లోపలికి వదిలే మూత) దాదాపు మూసుకుని ఉంటుంది, మానిఫోల్డ్ (గాలిని సిలిండర్లకు పంచే గొట్టం) గట్టిగా పీలుస్తుంది. చిన్న పగులున్నా చాలు, లెక్కలో లేని గాలి లోపలికి పోతుంది. ఆ పీల్పు కొలిచే వ్యాక్యూమ్ గేజ్ పెడితే 17 నుంచి 21 అంగుళాల (పాదరసం కొలత) మధ్య ముల్లు కదలకుండా నిలబడాలి.

హోసూరు రోడ్డు:
ఇంజిన్ మౌంట్ (ఇంజిన్‌ని పట్టి ఉంచే రబ్బరు దిమ్మ) చూశారా?

పెరంబూరు బాబాయి:
17 నుంచి 21 అనేది మా చెన్నైకి సరిపోతుంది. బెంగళూరు దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ మూడు అంగుళాలు తగ్గించి చదవాలి. 15 చూసి ఇంజిన్ పోయిందని హెడ్డు విప్పించిన వాళ్లున్నారు.

గాలిమీటరు:
నిజమే, ఆ మాట చెప్పాల్సింది. అయినా నేను ముఖ్యంగా చెప్పేది ముల్లు ఊగకూడదని.

పెరంబూరు బాబాయి:
అంకె తప్పు చెబితే కొత్తవాళ్లు అదే పట్టుకుంటారు.

కృష్ణరాజపురం:
దాదాపు ఇరవై ఏళ్ల బండి. అమ్మేయండి.

మారతహళ్లి వాసి:
అమ్మను. నాన్న బండి అది.

గాలిమీటరు:
మూడు పరీక్షలకు మించి అక్కర్లేదు. ఒకటి, ఐడిల్‌లో ఒక్కో ఇంజెక్టర్ కనెక్టర్ తీసి చూడటం. ఏది తీసినప్పుడు ఇంజిన్ గొంతు మారదో ఆ సిలిండరే పనిచేయట్లేదు. రెండు, కంప్రెషన్, అంటే సిలిండర్‌లో ఒత్తిడి. తక్కువ వస్తే ప్లగ్ రంధ్రంలో కాస్త ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. పెరిగితే రింగులు, పెరగకపోతే చాలాసార్లు వాల్వులు. మూడు, హోస్‌లు ఒక్కోటి నొక్కి చూడటం. ఇవి చేయకుండా 9,000 ఖర్చు పెట్టించడం మోసం. నాకూ ఇదే జరిగింది, మూడు షెడ్లు తిరిగాను, ముగ్గురూ మార్చారే తప్ప ఒక్కడూ చూడలేదు.

షెడ్డు మనిషి:
మోసం అనే మాట వెనక్కి తీసుకోండి. జె.సి.రోడ్డు పక్క సందులో ఇరవై రెండేళ్లుగా షెడ్డు నడుపుతున్నాను. గంటన్నర వంగి చూసి, పగిలిన హోస్ దొరికిందని 800 లేబర్ అడిగితే ఏమంటారో తెలుసా? "రెండొందల పైపుకి ఎనిమిదొందలా?" అంటారు. అదే కాయిల్ డబ్బా చేతిలో పెడితే మాట్లాడకుండా ఇస్తారు. చూసినందుకు డబ్బివ్వరు, మార్చినందుకే ఇస్తారు. మరి మేమేం చేయాలి? మీ ముగ్గురు మెకానిక్‌లలో ఒక్కరికైనా చెకింగ్‌కి వేరేగా ఇచ్చారా?

గాలిమీటరు:
లేదు. ఒకాయన ఐదొందలు అడిగితే బండి వెనక్కి తెచ్చేసుకున్నాను. నిజమే చెబుతున్నాను. అయినా మీరు ముందే చెప్పాలి కదా, చూడటానికి ఇంత, మార్చడానికి ఇంత అని.

షెడ్డు మనిషి:
చెబితే పక్క షెడ్డుకి పోతారు, మీరు పోయినట్టే.

మారతహళ్లి వాసి:
తప్పు నాదీ ఉంది. పండక్కి ఊరెళ్లాలి, సాయంత్రానికల్లా కావాలన్నాను. ఇవాళ అదే మెకానిక్ దగ్గరికి వెళ్లి, అన్నా, ఏమీ మార్చొద్దు, గంటసేపు చూడండి, 600 ఇస్తానన్నాను. ఆయన కాసేపు నా మొహమే చూశాడు. తర్వాత అన్ని హోస్‌లూ ప్లయర్‌తో ఒక్కోటి నొక్కాడు. బ్రేక్ బూస్టర్‌కి (మానిఫోల్డ్ పీల్పుతో బ్రేక్ తొక్కడం తేలిక చేసేది) వెళ్లే హోస్‌ని మానిఫోల్డ్ పక్కనే నొక్కగానే ముల్లు నిలబడింది. క్లిప్ కింద చుట్టూ పగులు! బ్రేక్ ఈ మధ్య గట్టిగా ఎందుకుంటోందో అప్పుడు అర్థమైంది. కొత్తది వేశాక 850 దగ్గర నిలకడగా ఉంది. ఏసీ వేస్తే మాత్రం ఇంకా కాస్త వణుకుతోంది.

హోసూరు రోడ్డు:
మౌంట్.

షెడ్డు మనిషి:
సంతోషం. కానీ ఆ రబ్బరు పగిలింది ఈ20 వల్లే.

గాలిమీటరు:
ఆ హోస్‌లో పెట్రోల్ పారదండీ, అందులో ఉండేది గాలి. దాదాపు ఇరవై ఏళ్లు ఇంజిన్ వేడికి ఎండిపోయింది.

షెడ్డు మనిషి:
మానిఫోల్డ్‌లో పెట్రోల్ ఆవిరి ఉండదా? పగిలిన ముక్క పారేయొద్దు, ఫోటో పెట్టండి. పగులు లోపలి నుంచి మొదలైందా బయటి నుంచా చూసి చెబుతాను.