స్టూడియోదా, కచేరీదా: ప్రోగ్ రాక్ పాటల్లో ఏది అసలు?

కొత్తరికార్డు
ప్రోగ్ రాక్ (పొడవైన, చిక్కు కట్టుబడి ఉన్న రాక్ సంగీతం) బృందం జెనెసిస్ ‘ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్’ పాట 1973 ‘సెల్లింగ్ ఇంగ్లండ్ బై ద పౌండ్’లో ఒకలా, 1977 లైవ్ ఆల్బమ్ ‘సెకండ్స్ ఔట్’లో ఇంకోలా ఉంది. రెండోదాంట్లో మొదటి పియానో భాగం మొత్తం లేదు, నేరుగా పాటలోకి దిగిపోతారు. ఇలాంటి పాటలకి ఏది ప్రమాణం అనుకోవాలి? యెస్, కింగ్ క్రిమ్సన్, పింక్ ఫ్లాయిడ్ ఎవరివైనా సరే, ఉదాహరణతో చెప్పండి.

టేపుకత్తెర
స్టూడియోదే. మీరు అడిగిన పాటతోనే తేలిపోతుంది.

ఆ పియానో నిమిషం పైచిలుకు ఉంటుంది. 2/4, 13/16, 15/16 తాళం కొలతలు మారుతూ నడుస్తుంది, వినేవాడికి మాత్రం లెక్క అడ్డు రాదు. జెనెసిస్ కీబోర్డు వాద్యకారుడు టోనీ బ్యాంక్స్ దాన్ని గ్రాండ్ పియానో మీద వాయించాడు. పాట మధ్యలో, గాయకుడు పీటర్ గాబ్రియేల్ ఫ్లూట్ తర్వాత, అదే వరస సింథసైజర్ మీద, డ్రమ్స్, బాస్ తోడుతో మళ్లీ వస్తుంది. ముందు ఒంటరిగా విన్నదే ఇప్పుడు బలగంతో వచ్చింది, పాట కట్టుబడి అంతా అందులోనే ఉంది. మొదటిది తీసేస్తే రెండోదాన్ని ‘మళ్లీ వచ్చింది’ అనడానికి ఏం మిగిలింది?

తీసేయడానికి కారణం కళ కాదు, కీబోర్డు. అప్పట్లో బ్యాంక్స్ వేదిక మీద వాడింది ఆర్‌ఎమ్‌ఐ ఎలక్ట్రా పియానో. దాని మీట మెల్లగా తాకినా, బలంగా కొట్టినా శబ్దం ఒకే మోతాదులో వస్తుంది. అణిచి, పెంచి వాయించాల్సిన భాగం దాని మీద చదునుగా అయిపోతుంది. ఇప్పటి కీబోర్డులకు ఆ ఇబ్బంది లేదు కాబట్టే అప్పటి జెనెసిస్ గిటారిస్టు స్టీవ్ హాకెట్ తన సొంత బృందంతో ఈ పాటని పియానోతో సహా వాయిస్తున్నాడు. అంటే 1977ది లోటే, నిర్ణయం కాదు.

నిశ్శబ్దం
సెకండ్స్ ఔట్. ఆ గిటార్ సోలో చాలు నాకు.

పదమూడోమాత్ర
టేపుకత్తెర గారూ, ఒక్క పియానో చూపించి మొత్తం లైవ్ సంగీతాన్ని కొట్టేస్తున్నారు. అదే ఆల్బమ్‌లో ‘సప్పర్స్ రెడీ’ వినండి. 1972 ‘ఫాక్స్‌ట్రాట్’లో దాదాపు 23 నిమిషాల పాట, చివరికి ఏమవుతుంది? ఫేడ్ అవుతుంది. అంత పెద్ద కట్టడానికి ముగింపు రాయకుండా మిక్సర్ మీటని కిందికి దించారు. వేదిక మీద ఆ వెసులుబాటు లేదు, పాటని ఎక్కడో ఒకచోట దించాలి. సెకండ్స్ ఔట్‌లో అది నిజంగా ముగుస్తుంది. ఇక్కడ లోటు ఎవరిది?

కింగ్ క్రిమ్సన్ ‘స్టార్‌లెస్’ సంగతి ఇంకా స్పష్టం. 1974 వసంతం నుంచే కచేరీల్లో వాయించారు, ‘రెడ్’ ఆల్బమ్‌కి రికార్డు చేసింది ఆ తర్వాత వేసవిలో. కచేరీల్లో మొదటి రాగం డేవిడ్ క్రాస్ వయొలిన్ మీద వస్తుంది. రికార్డింగ్ నాటికి క్రాస్ బృందంలో లేడు కాబట్టి అదే రాగం రాబర్ట్ ఫ్రిప్ గిటార్‌కి మారింది. అంటే ‘ప్రమాణం’ అని మీరంటున్నది మనిషి లేక చేసుకున్న సర్దుబాటు. కీబోర్డు లేకపోతే లోటు, వయొలిన్ వాయించేవాడు లేకపోతే లోటు కాదా?

టేపుకత్తెర
క్రాస్ వెళ్లాడు, సరే. మరి మెల్ కాలిన్స్, ఇయాన్ మెక్‌డొనాల్డ్ శాక్సోఫోన్లు వచ్చాయి కదా? 13 మాత్రల తాళంలో తిరిగే బాస్ గిటార్ మీద ఫ్రిప్ ఒకే స్వరాన్ని పట్టుకుని పైకి జరుపుకుంటూ పోయాక, వేగం రెట్టింపై శాక్స్ విరుచుకుపడేది స్టూడియోలోనే. 1974 కచేరీల్లో ఆ బలం లేదు.

పియానో గురించి నేనడిగినదానికి జవాబు ఇంకా రాలేదు.

ఆర్గాన్‌గది
యెస్ ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ గురించి ఎవరూ ఎత్తలేదు. 1972లో అడ్విజన్ స్టూడియోలో రికార్డింగ్ ఇంజినీరు ఎడ్డీ ఆఫర్డ్‌తో కలిసి ముక్కలు ముక్కలుగా రికార్డు చేసి, టేపు కోసి అతికించారు. మొత్తం పాటని ఒక్కసారిగా ఎవరూ వాయించలేదు, తర్వాత టేపు విని వాళ్లే నేర్చుకోవాల్సి వచ్చింది. మధ్యలో వచ్చే పైప్ ఆర్గాన్ లండన్ సెంట్ గైల్స్ క్రిపుల్‌గేట్ చర్చిలో యెస్ కీబోర్డు వాద్యకారుడు రిక్ వేక్‌మన్ వాయించింది. ఆ గోడల ప్రతిధ్వనిని ట్రక్కులో వేసుకుని ఊరూరా తిప్పలేరు.

పైగా రికార్డింగ్ అవగానే డ్రమ్మర్ బిల్ బ్రూఫర్డ్ వెళ్లిపోయాడు. కొద్ది రోజుల్లోనే అలన్ వైట్ కచేరీ మొత్తం నేర్చుకుని ఎక్కాడు. లైవ్ ఆల్బమ్ ‘యెస్‌సాంగ్స్’లో ఈ పాట వైట్‌దే. బ్రూఫర్డ్ స్నేర్ డ్రమ్ పొడిగా, బిగుతుగా, దెబ్బ అనుకోనిచోట పడుతుంది. వైట్ బరువుగా, సూటిగా కొడతాడు. రెండూ వేరు పాటల్లా ఉంటాయి.

పదమూడోమాత్ర
ఆ 1972 పర్యటన నుంచే ‘ప్రొజెనీ’ అని 2015లో 14 సీడీల పెట్టె వచ్చింది. అక్టోబరు 31 టొరంటో నుంచి నవంబరు 20 యూనియన్‌డేల్ దాకా ఏడు కచేరీలు, దాదాపు ఒకే వరస పాటలు. పక్కపక్కన పెట్టి వింటే కొత్త డ్రమ్మర్‌తో బృందం ఎలా కుదురుకుందో దారి మొత్తం దొరుకుతుంది. స్టూడియో టేపులో దారి ఉండదు, గమ్యం మాత్రమే ఉంటుంది.

మన సంగీతమే చూడండి. ఒక కృతి ఒక కచేరీలో నాలుగు సంగతులతో, ఇంకో కచేరీలో పది సంగతులతో పాడతారు. ఏది అసలు కృతి అని ఎవరైనా కొట్టుకున్నారా?

టేపుకత్తెర
ఆ పోలిక కుదరదు. త్యాగయ్య టేపు వదిలి వెళ్లలేదు. కృతి శిష్యుల గొంతుల్లోనే మనదాకా వచ్చింది కాబట్టి పాడటమే దాని ఉనికి. ఆర్గాన్‌గది గారు చెప్పినట్టు ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ పుట్టడమే టేపు మీద పుట్టింది. అక్కడ టేపే కృతి, పర్యటనలో వాయించింది దాని నకలు.

రెండోసూది
మీరందరూ ఏ మిక్స్ (విడివిడి వాయిద్యాల టేపుల్ని కలిపిన కూర్పు) విని మాట్లాడుతున్నారు? జెనెసిస్ పాత ఆల్బమ్‌లని నిక్ డేవిస్ 2000ల చివర్లో మళ్లీ మిక్స్ చేశాడు. ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ని 2013లో స్టీవెన్ విల్సన్ చేశాడు. వీటిలో ఏది ‘స్టూడియో వెర్షన్’? ముందు అది తేల్చి, తర్వాత ఇలా చేయండి:

ఒకటి, పాట మొత్తం కాకుండా ఒకే భాగం కోయండి, ఒకటి రెండు నిమిషాలు చాలు. లైవ్‌లో చప్పట్లు తీసేశాకే శబ్దస్థాయి కొలవండి, లేకపోతే చప్పట్లు కూడా లెక్కలో కలిసి సంగీతం స్థాయి తప్పుగా తేలుతుంది. తర్వాత ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో లౌడ్‌నెస్ నార్మలైజేషన్‌తో రెండిటినీ మైనస్ 23 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కి (చెవికి తోచే శబ్దస్థాయి కొలమానం) తెండి. ఇది చేయకపోతే గట్టిగా ఉన్నదే బాగున్నట్టు చెవికి తోస్తుంది. చాలామంది తీర్పు అక్కడే తప్పుతుంది.

శ్రుతి కూడా చూడండి. టేపు వేగంలో చిన్న తేడా ఉన్నా పాట మందంగానో చురుగ్గానో వినిపిస్తుంది, అది వాయించినవాళ్ల ఘనత అనుకుంటాం.

నిశ్శబ్దం
ఇంత కొలిచి వింటే పాట మిగులుతుందా?

రెండోసూది
మిగులుతుంది. కొలత ఒకసారే, వినడం ఎన్నిసార్లైనా.

పదమూడోమాత్ర
లైవ్ ఇష్టమన్నవాడిని చెవి లేనివాడిలా చూడటం ఇక్కడ కొత్త కాదు. నాలుగు చర్చల్లో ఇదే చూశాను: ‘నకలు’, ‘లోటు’, ‘గోల’. సూటిగా అడుగుతున్నాను. మెల్లోట్రాన్ (ముందే రికార్డు చేసిన టేపుల్ని మోగించే కీబోర్డు) ఎలా పనిచేస్తుందో తెలిసే మాట్లాడుతున్నారా? దాని ఎం400 మోడల్‌లో 35 మీటలు, ఒక్కో మీటకి ఒక్కో టేపు ముక్క, సుమారు 8 సెకన్లలో అయిపోతుంది. అయ్యేలోపు వేలు తీయాలి, స్ప్రింగు టేపుని వెనక్కి లాగాలి. అన్ని టేపుల్నీ తిప్పేది ఒకే మోటారు. కరెంటు తగ్గితే మొత్తం శ్రుతి కిందికి జారుతుంది, వయొలిన్, గిటార్ అప్పటికప్పుడు దానికి సర్దుకోవాలి. ఆ సర్దుబాటుని 13 మాత్రల్లో చేస్తూ నలుగురు మనుషులు విడిపోకుండా నిలబడటమే నాకు ‘స్టార్‌లెస్’. స్టూడియోలో జారితే ఇంకో టేక్ తీసుకుంటారు.

టేపుకత్తెర
మీరు మెచ్చుకుంటున్నది కష్టాన్ని, సంగీతాన్ని కాదు. శ్రుతి జారిన మెల్లోట్రాన్ శ్రుతి జారిన మెల్లోట్రానే.

ఇక మీ ‘నిజమైన లైవ్’ సంగతికి వద్దాం. క్రిమ్సన్ 1974 ‘స్టార్‌లెస్ అండ్ బైబిల్ బ్లాక్’ స్టూడియో ఆల్బమ్ అనే అందరూ కొన్నారు. అందులో పూర్తిగా స్టూడియోలో చేసినవి మొదటి రెండు పాటలే. ‘ఫ్రాక్చర్’ 1973 నవంబరు 23న ఆమ్‌స్టర్‌డామ్ కాన్సర్ట్‌హెబావ్‌లో వాయించింది, జనం శబ్దం తీసేశారు. ఆ రాత్రి కచేరీ 1997లో ‘ది నైట్ వాచ్’గా వచ్చాక తేడా చూసుకోవచ్చు. దీనికి తిరగేసింది జెనెసిస్ ‘ఆర్కైవ్’ పెట్టె, 1998. 1975 జనవరి 24 లాస్ ఏంజెలెస్ ష్రైన్ కచేరీ అంటూ వాళ్ల ‘ది లాంబ్’ ఆల్బమ్ మొత్తం ఇచ్చారు. గాబ్రియేల్ గొంతు చాలా చోట్ల 1990లలో మళ్లీ పాడింది. హాకెట్ గిటార్ కొన్నిచోట్ల కొత్తది. చివరి పాట ‘ఇట్’ ఆ కచేరీది కానే కాదు, పాత స్టూడియో టేపు మీద కొత్త గొంతు. పోయిన చర్చలో లైవ్‌కి శిఖరం అని మీరు చెప్పింది ఈ రికార్డింగే.

ఆర్గాన్‌గది
ఇది చెప్పకుండా ఉండాల్సింది.

పదమూడోమాత్ర
చెప్పాలి, చెప్పినందుకు కోపం లేదు. చెప్పిన తీరుకి ఉంది. అవును, అదే నేను మెచ్చుకున్నాను. గొంతు కొత్తదని తెలిశాక దాన్ని శిఖరం అనను. 24 ఏళ్ల కుర్రాళ్ల బృందం ముందు 40 దాటిన గొంతు నిలబెట్టారు. గాబ్రియేల్ వేషం తలకి తగిలించుకుని పాడితే మైకులో గొంతు సరిగ్గా పడలేదు, అందుకే మార్చారంటారు. మరి ఆ రాత్రి హాలులో జనం విన్నది అదే కదా, సరిగ్గా పడని ఆ గొంతే.

టేపుకత్తెర
తెలియకముందు నచ్చింది, తెలిశాక నచ్చలేదు. శబ్దంలో ఏం మారింది?

పదమూడోమాత్ర
శబ్దం మారలేదు. నాకిచ్చిన మాట మారింది. డబ్బా మీద తేదీ, ఊరు రాశారంటే ఆ రోజు, ఆ ఊళ్లో, ఈ మనుషులు ఇది చేశారని నాకు చెబుతున్నారు. నేను లైవ్ వినేది అందుకే. బాగుంటుందని కాదు, జరిగిందని. మీరు పాటని వస్తువులా వింటారు, నేను సంఘటనలా వింటాను. పియానో గురించి మీకు జవాబు ఇవ్వలేకపోయింది కూడా ఇందుకే. అది లేకపోవడం పాటకి నష్టమే, ఒప్పుకుంటున్నాను. కానీ 1977లో పారిస్‌లో ఆ కీబోర్డుతో వాళ్లు ఏం చేయగలిగారో అది నాకు ముఖ్యం.

టేపుకత్తెర
ఈ మాట మొదట్లోనే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. పోయిన చర్చ ఎత్తిచూపడం నా తప్పు, ఆ వాక్యం వెనక్కి తీసుకుంటున్నాను.

నేను మాత్రం ఒప్పుకోలేను. ఏ రికార్డయినా నాకు కట్టిన ఇల్లే. మైకు ఎక్కడ పెట్టాలో నిర్ణయించిన క్షణం నుంచి అది సంఘటన కాదు. గాబ్రియేల్ 20 ఏళ్ల తర్వాత పాడితే అది ఇంకో గది కట్టినట్టు. ఆ గది బాగుందా లేదా అన్నదే నా ప్రశ్న.

కొత్తరికార్డు
నా ప్రశ్నకి ఇంత వస్తుందనుకోలేదు. జెంటిల్ జెయింట్ ఏ పక్కన పడుతుంది?

ఆర్గాన్‌గది
రెండు పక్కలా కాదు. ‘ఆన్ రిఫ్లెక్షన్’ 1975 ‘ఫ్రీ హ్యాండ్’లో ఒట్టి గొంతుల ఫ్యూగ్‌తో మొదలవుతుంది: ఒకరి వరసని ఇంకొకరు అందుకుంటూ నాలుగు గొంతులు. 1977 ‘ప్లేయింగ్ ద ఫూల్’లో వరస తిరగేశారు. మెత్తటి భాగం ముందు రికార్డర్, చెల్లో, వైబ్రఫోన్ లాంటి వాయిద్యాల మీద వస్తుంది, గొంతులు తర్వాత. లోటు వల్ల కాదు, వేదిక కోసం మళ్లీ రాసుకున్నారు. రెండూ కొనండి.

రెండోసూది
ఓవర్‌డబ్ (పాత రికార్డింగ్ మీద తర్వాత కొత్తగా వాయించి కలపడం) మీద వాదించేవాళ్లకి తగిన పరీక్ష ఒకటుంది. క్రిమ్సన్ 1975 లైవ్ ఆల్బమ్ ‘యూఎస్ఏ’లో ‘ట్వెంటీ ఫస్ట్ సెంచరీ స్కిజాయిడ్ మ్యాన్’ 1974 జూన్ 30 ప్రావిడెన్స్ కచేరీది. దాని మీద ఎడ్డీ జాబ్సన్ వయొలిన్ తర్వాత వేశారు. అదే కచేరీ 1992 ‘ది గ్రేట్ డిసీవర్’ పెట్టెలో క్రాస్ సొంత వయొలిన్‌తో ఉంది. ఒకే రాత్రి, ఒకే డ్రమ్స్, రెండు వయొలిన్లు. చప్పట్లు కోసేసి, స్థాయి కలిపి, ఏది ఎవరిదో చెప్పకుండా ఎవరికైనా వినిపించండి.

టేపుకత్తెర
ఈ ఆదివారం చేసి రెండు ముక్కల సమయాలూ ఇక్కడ పెడతాను. పదమూడోమాత్ర గారూ, మీరూ విని చెప్పాలి.

పదమూడోమాత్ర
వింటాను. జాబ్సన్‌ది బాగుంటే బాగుందనే రాస్తాను. అయినా నేను దాచుకునేది క్రాస్‌దే.