పీ-బేస్‌కి ఫ్లాట్సా, రౌండ్సా? ఒక్క సెట్టే కొనాలి

మంద్రం_4:
పీ-బేస్ (ఫెండర్ ప్రెసిషన్ బేస్) తరహా బేస్ గిటార్. 34 అంగుళాల స్కేలు, ఒకటే స్ప్లిట్ పికప్ (తీగ కంపనాన్ని పట్టే అయస్కాంత భాగం, రెండు ముక్కలుగా ఉండేది), ఒక వాల్యూమ్, ఒక టోన్. మీదున్న 45-105 (సన్న తీగ నుంచి లావు తీగ దాకా మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) నికెల్ రౌండ్‌వౌండ్ తీగలు (రౌండ్స్, పైన గుండ్రటి తీగ చుట్టినవి) పూర్తిగా చచ్చిపోయాయి. వాయించేది ఎక్కువగా 80ల ఇళయరాజా తెలుగు పాటలు, మధ్యలో పాత అమెరికన్ సోల్ సంగీతం, అప్పుడప్పుడు రాక్. ఫ్లాట్‌వౌండ్ (ఫ్లాట్స్, పైన చదునైన రిబ్బన్ చుట్టినవి) సెట్ ధర దాదాపు రెట్టింపు ఉంది. అంత పోసి వేశాక కీబోర్డుకీ డ్రమ్స్‌కీ మధ్య బేస్ వినపడకపోతే? టోన్ నాబ్ మొత్తం తగ్గిస్తే రౌండ్సే ఫ్లాట్స్‌లా పలుకుతాయని కొందరంటున్నారు. అదీ చెప్పండి.

పాతపీ:
చివరి ముక్కకి ముందు జవాబు: పలకవు. టోన్ నాబ్ వెనక ఉన్న 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ పై పౌనఃపున్యాల్ని గ్రౌండ్‌లోకి వదిలేస్తుంది, అంతే. తీగ మోగే తీరు మారదు. రౌండ్ తీగ ఎప్పట్లాగే సాగుతూ మోగుతుంది, మనకి దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టు వినిపిస్తుంది. ఫ్లాట్ తీగలో పై హార్మోనిక్స్ పుట్టీ పుట్టగానే ఆరిపోతాయి. 'ధుమ్' అని మొదలై త్వరగా తగ్గి, తర్వాతి దెబ్బకి చోటు వదులుతుంది. ఆ ఖాళీలోనే కిక్ డ్రమ్ కూర్చుంటుంది. ఫ్లాట్స్ వేసి టోన్ పూర్తిగా తెరిచి చూడండి, తేడా మొదటి బార్‌లోనే తెలుస్తుంది.

పీ-బేస్ పుట్టిందే ఫ్లాట్స్‌తో. 1951లో లియో ఫెండర్ దాన్ని తెచ్చినప్పుడూ, 1957లో స్ప్లిట్ పికప్ వచ్చినప్పుడూ దాని మీద ఉన్నవి అవే. మోటౌన్ అనే అమెరికన్ సోల్ రికార్డు కంపెనీలో బేసిస్ట్ జేమ్స్ జేమర్సన్ 1962 ప్రెసిషన్ మీద లా బెల్లా కంపెనీ ఫ్లాట్స్‌తో, కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితో వాయించిన శబ్దమే ఈ వాయిద్యానికి కొలబద్ద.

గరగర105:
చరిత్ర చెప్పి తీగలు అమ్మకండి సార్. 1951లో ఫ్లాట్స్ వేసింది వేరే దారి లేక. 60లలో రోటోసౌండ్ కంపెనీ రౌండ్స్ చేతికందగానే ద హూ బ్యాండ్ బేసిస్ట్ జాన్ ఎంట్విజిల్ లాంటివాళ్ళు అటు దూకారు.

అసలు విషయం వినికిడి. తెరిచిన ఇ తీగ (అన్నిటికంటే లావుది, ఏ ఫ్రెట్టూ అంటే మెట్టూ నొక్కకుండా) 41.2 హెర్ట్జ్. చిన్న ఆంప్‌లో అది సగం కూడా బయటికి రాదు. ఫోన్ స్పీకర్‌లో 200 హెర్ట్జ్ కింద ఉన్నదంతా దాదాపు పోయినట్టే. అయినా మనకి ఇ వినపడుతోందంటే పైన ఉన్న 82, 124, 165 హెర్ట్జ్, ఇంకా పై హార్మోనిక్స్ పుణ్యమే. మీరు ఆర్పేస్తున్నది వాటినే! ఇళయరాజా బేస్ లైను మూలస్వరం మీద కూర్చోదు, పాటతో పాటు ఇంకో పాట పాడుతుంది. అన్నిటికంటే సన్నదైన జి తీగ మీద 9వ ఫ్రెట్ దాటి వెళ్ళినప్పుడు ఒక్కో స్వరం విడివిడిగా తెలియాలి. అక్కడ ఫ్లాట్స్ మొద్దుగా ఉంటాయి.

వీణమెట్టు:
ఆ లైన్లలోనే జారుడు కూడా ఉందిగా. 3వ ఫ్రెట్ నుంచి 10కి జారినప్పుడు రౌండ్స్ మీద 'జర్ర్' మంటుంది. స్వరం కంటే ఆ రాపిడే ముందు వినిపిస్తుంది, హెడ్‌ఫోన్స్‌లో మరీను. ఫ్లాట్స్ మీద వేలు వీణ తీగ మీద పోయినట్టు పోతుంది. గమకం కావాలంటే ఫ్లాట్స్, దెబ్బ కావాలంటే రౌండ్స్.

గరగర105:
జారేటప్పుడు వేలు ఒత్తిడి సగానికి తగ్గిస్తే జర్రు కూడా సగం పోతుంది. వేళ్ళ పొరపాటుకి తీగల్ని అనకండి.

సెటప్_బెంచీ:
ఇద్దరూ శబ్దం దగ్గరే ఆగిపోయారు. తీగ మారిస్తే డొంకంతా కదులుతుంది, అది ఎవరూ చెప్పలేదు.

ఒకే మందంలో ఫ్లాట్ తీగ సాధారణంగా బరువెక్కువ. పైన చుట్టింది చదునైన రిబ్బన్, మధ్యలో గాలి సందులుండవు. బరువెక్కువ తీగని అదే శ్రుతికి తేవాలంటే ఎక్కువ బిగించాలి. నెక్ ముందుకి వంగుతుంది, యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగ ఎత్తు) లేస్తుంది. చాలామంది ఇక్కడే 'ఫ్లాట్స్ గట్టిగా ఉన్నాయి, వేళ్ళు నొప్పి' అని తీసేస్తారు. సెటప్ చేయకపోవడమే అసలు తప్పు.

పద్ధతి: తీగలన్నీ ఒకేసారి విప్పొద్దు, ఒక్కొక్కటీ మార్చండి. శ్రుతి చేసి ఒక రోజు వదిలేయండి. మొదటి ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు) పెట్టి, ఇ తీగని నెక్ బాడీలో కలిసే చోట నొక్కి, 7వ ఫ్రెట్ దగ్గర సందు కొలవండి. 0.30 నుంచి 0.35 మి.మీ. ఉండాలి. ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ని (నెక్ లోపల వంపు సరిచేసే కడ్డీ) సవ్యదిశలో పావు తిప్పు, అంతకు మించి ఒక్కసారి వద్దు. రాడ్ తల మీకు నెక్ అడుగున ఉంటే (పాత తరహా వాటిలో అంతే) తీగలు వదులు చేసి, నెక్ స్క్రూలు నాలుగూ తీసి నెక్‌ని పైకి లేపాలి. పిక్‌గార్డ్ (బాడీ మీది ప్లాస్టిక్ పలక) గీసుకుపోయేది సరిగ్గా ఇక్కడ బద్ధకించి స్క్రూడ్రైవర్‌ని వాలుగా దూర్చినప్పుడే.

తర్వాత 17వ ఫ్రెట్ దగ్గర తీగ కింద ఎత్తు: ఇ వైపు 2.4, జి వైపు 2.0 మి.మీ. పికప్ ఎత్తు చివరి ఫ్రెట్ నొక్కి చూడండి, ఇ వైపు 3.2, జి వైపు 2.4 దగ్గర మొదలెట్టండి. 12వ ఫ్రెట్ హార్మోనిక్‌నీ నొక్కిన స్వరాన్నీ పోల్చండి. నొక్కింది ఎక్కువ శ్రుతిలో ఉంటే శాడిల్ (బాడీ చివరి బ్రిడ్జ్ మీద తీగ ఆనే, కదిలే ముక్క) వెనక్కి, తక్కువైతే ముందుకి. వీణకైతే మైనం కరిగించి 24 మెట్లూ మళ్ళీ నిలబెట్టుకుంటారు. మనకి మెట్లు కదలవు, శాడిలే గతి.

నట్ (నెక్ పై చివర తీగలు కూర్చునే గాళ్ళ పట్టీ) కూడా చూడండి. 105కి కోసిన గాడిలో 110 వేస్తే తీగ గాడి అడుక్కి దిగదు, మొదటి ఫ్రెట్ స్వరం పైకి పోతుంది. జేమర్సన్ సెట్ అని అమ్మే 52-110 కొనే ముందు ఇది గుర్తుంచుకోండి.

పాతపీ:
ఒప్పుకుంటున్నా. 52-110 మొదటి ఫ్లాట్ సెట్‌గా ఎవరికీ చెప్పను. 45-105 తీసుకోవాలి, లేదా థొమాస్టిక్ కంపెనీ 43-100. అవి మెత్తగా ఉంటాయి. కాకపోతే తీగ వెడల్పుగా ఊగుతుంది కాబట్టి గట్టిగా మీటేవాళ్ళకి యాక్షన్ కాస్త పెంచాలి, లేకపోతే ఫ్రెట్లకి కొట్టుకుంటుంది.

గరగర105 గారి వినికిడి వాదనకి ఒక్క పేరు: స్టీవ్ హారిస్. పీ-బేస్, ఫ్లాట్స్, అవీ 50-110. హెవీ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్‌లో ఆయన వినపడలేదని ఎవరైనా అన్నారా?

గరగర105:
ఆయన వాడేది కొత్త తీగలు, వేళ్ళ బలం కూడా వేరు. మీరు చెప్పే జేమర్సన్ తీగలేమో తెగితే తప్ప మార్చనివి, బ్రిడ్జ్ కవర్ కింద ఫోమ్. పేరు ఒకటే 'ఫ్లాట్స్', వస్తువులు రెండు. నేను చెప్పేదీ అదే: మీకు నచ్చిన ఆ శబ్దంలో సగం ఫోమ్‌ది.

మంద్రం_4 గారూ, డబ్బు పెట్టే ముందు ఒక పరీక్ష. ఒకటిన్నర సెంటీమీటర్ల మందం స్పాంజ్ ముక్కని బ్రిడ్జ్ ముందు, నాలుగు తీగల కిందా దూర్చండి. తీగని ఆనుకోవాలి, పైకి నెట్టకూడదు. నెడితే శ్రుతి పైకి పోతుంది. టోన్ సగానికి తగ్గించి, చెయ్యి పికప్ మీద నుంచి నెక్ చివరికి జరపండి. మీకున్న చచ్చిన రౌండ్స్‌తోనే కావలసిన దాంట్లో చాలావరకు వస్తుంది. చాలకపోతే అప్పుడు ఫ్లాట్స్ కొనండి.

పాతపీ:
పరీక్ష మంచిదే. కానీ ఫోమ్ పెడితే సాగే స్వరం ఉండదు, స్లో పాటలో మళ్ళీ పీకాలి. ఇంకొకటి, ఖర్చు. వైజాగ్, చెన్నై ఉక్కలో చెమట చేతులతో రోజూ వాయిస్తే రౌండ్స్ మెరుపు కొన్ని వారాల్లో పోతుంది, చుట్ల మధ్య మురికి పేరుకుంటుంది. ఫ్లాట్స్ ఏళ్ళు నడుస్తాయి. రెట్టింపు ధర అనేది కొట్లో లెక్క.

సెటప్_బెంచీ:
ఫ్రెట్ల అరుగుదల కూడా కలపండి ఆ లెక్కలో. స్టీల్ రౌండ్స్ బాగా తింటాయి, నికెల్ తక్కువ, ఫ్లాట్స్ మరీ తక్కువ. ఫ్లాట్స్ వినపడట్లేదంటే ఆంప్‌లో బేస్ నాబ్ పెంచకండి, 800 హెర్ట్జ్ దగ్గర మిడ్స్ కొంచెం పెంచండి. ముద్దగా ఉన్నదానికి ఇంకా ముద్ద కలిపితే ఏమొస్తుంది?

తీగ కోసేటప్పుడు ఒక జాగ్రత్త. పెగ్ (తీగ చుట్టి శ్రుతి చేసే మర) దాటి 10-12 సెం.మీ. వదిలి, ముందు 90 డిగ్రీలు వంచి, ఆ వంపు దాటాక కోయండి. వంచకుండా కోస్తే లోపలి తీగ మీద చుట్టు వదులై కొత్త తీగ పుట్టుకతోనే చచ్చిపోతుంది. ఫ్లాట్స్‌లో ఇంకో చిక్కు: పూర్తి మందం భాగం పెగ్‌కి చుట్టుకుంటే రిబ్బన్ విరుగుతుంది. కాబట్టి మీ బ్రిడ్జ్‌కి తీగ బాడీ వెనక నుంచి వస్తుందా, పై నుంచా చూసి పొడవు ఎంచుకోండి.

మంద్రం_4:
స్పాంజ్ పరీక్ష చేశాను, సోల్‌కి సరిపోయింది, జారుడు లైన్లకి కాదు. 45-105 ఫ్లాట్స్ వేశాను, ట్రస్ రాడ్ పావు తిప్పు సరిపోయింది. ఒకటే సందేహం: జి తీగ 6వ ఫ్రెట్ దగ్గర స్వరం మిగతా వాటికంటే సగం సేపే నిలుస్తోంది. తీగ లోపమా?

సెటప్_బెంచీ:
కాదు. రౌండ్స్‌లోనూ ఉండి ఉంటుంది, మెరుపులో గమనించలేదు. ఈ తరహా నెక్‌లలో జి తీగ మీద 5 నుంచి 7 ఫ్రెట్ల మధ్య డెడ్ స్పాట్ మామూలే. ఆ స్వరం దగ్గర నెక్ తనూ ఊగి తీగ శక్తిని తాగేస్తుంది. హెడ్‌స్టాక్‌కి (పెగ్‌లుండే నెక్ చివరికి) చిన్న సి-క్లాంప్ గుడ్డ అడ్డం పెట్టి బిగించి చూడండి, బరువు మారగానే ఆ చోటు జరుగుతుంది. జరిగితే నెక్ సంగతే అని తేలినట్టు. అదే స్వరం డి తీగ మీద 11వ ఫ్రెట్‌లో ఉంది, సాగదీయాల్సిన చోట అక్కడ నొక్కండి.

గరగర105:
డి తీగ 11వ ఫ్రెట్‌లో ఫ్లాట్స్ ఎలా ఉంటాయో విన్నాక మళ్ళీ ఇక్కడికే వస్తారు. పాత రౌండ్స్ పారేయకండి.