‘సౌధంబు దాపల’: ఎడమా, దగ్గరా?

హన్మకొండ డాక్టరమ్మ: ఫాక్స్‌జే1 జన్యువు మీద తల్లిదండ్రుల కోసం తెలుగులో ఒక కాగితం రాస్తున్నాను. ఊపిరిగొట్టం కణాల మీద వందలకొద్దీ శైలికలు, అంటే కదిలే సన్నటి వెంట్రుకల్లాంటివి, మొలవాలంటే ఇది పనిచేయాలి. జన్యువుకుండే రెండు ప్రతుల్లో ఒకటి చెడినా తెమడ పైకి రాదు, మెదడులో నీరు చేరుతుంది, కొందరికి గుండె కుడివైపు ఉంటుంది. 2019లో తేలిన విషయం. ఎడమ, కుడి అనడానికి ‘దాపల, వలపల’ అని రాద్దామంటే పోతన ‘అల వైకుంఠపురంబులో’ పద్యం అడ్డొచ్చింది. ‘నా మూల సౌధంబు దాపల...’ అక్కడ దగ్గర అని చదివిన గుర్తు. ఎడమ కాదా?

పరకాల తెలుగు సారు: ఎడమే తల్లీ. దాపటెద్దు ఎడమది, ఎలపటెద్దు కుడిది. బమ్మెర ఆయనకు ఇది తెలియకనా?

జనగామ: సారూ, వరుస చూడండి. వైకుంఠం, నగరి, సౌధం, దాని దాపున మందారవనం, అందులో సరస్సు, ఒడ్డున చంద్రకాంత శిల, దానిమీద కలువల పాన్పు. అడుగడుగునా స్వామికి దగ్గరవుతున్నాం. ఎడమ అంటే ఆ నడక తెగిపోతుంది.

పరకాల తెలుగు సారు: దగ్గరే అయితే ‘దాపున’ అనడా?

నర్సంపేట: ప్రాస చెడదా సారూ? నాలుగు పాదాల మొదలు అల, పల, త్పల, హ్వల. పోనీ ‘వలపల’ అందామంటే పాదం చివర గురువు పడదు, మత్తేభం కదా.

పరకాల తెలుగు సారు: ప్రాసకు లొంగి అర్థం వదిలే కవి కాదు పోతన. అసలు ‘నగరిలో నా మూల’లో ఉన్నది ‘ఆ మూల’ అని రెండు మాటలా, ‘ఆమూల’ అని ఒకే మాటా, అది ముందు తేల్చండి.

హన్మకొండ డాక్టరమ్మ: సారూ, నాకు పక్క ముఖ్యం. ఎంసీఐడాస్, సీసీఎన్‌ఓ జన్యువులు చెడినా శైలికలు తగ్గుతాయి, దగ్గు వదలదు. కానీ గుండె చోటు మారదు. పిండంలో పక్కను తేల్చే కణాలకు తలా ఒక్కటే శైలిక. అవి గిరగిరా తిరిగి ద్రవాన్ని ఎడమకు తోస్తాయి. వాటికి ఫాక్స్‌జే1 కావాలి, ఆ రెండూ అక్కర్లేదు. పైగా ఎక్స్‌రేలో మామూలు గుండె కూడా చూసేవాళ్లకు కుడివైపే కనిపిస్తుంది. తల్లులు అది చూసి హడలిపోతారు.

నర్సంపేట: అయితే దాపల మంచి మాట. నాగలి వెనక నిలబడ్డవాడి ఎడమ, ఎద్దుల ఎడమ ఒకటే. ఎవరి ఎడమ అన్న పేచీ ఉండదు.

జనగామ: ఎద్దులకు సరే. పద్యంలో మాత్రం దగ్గరే.

పరకాల తెలుగు సారు: ‘ఆమూల’ సంగతి ఎవరూ చెప్పలేదు.